శాలువా కప్పి సాగనంపుతున్నాం

ఈసారి కాలిఫోర్నియాలోని మన బే ఏరియా తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం ముగియగానే వ్యాఖ్యాత ఒక చమత్కారం విసిరారు. "పన్నెండు రాశులూ అయిపోయాయి కదా, పదమూడోది కాలిఫోర్నియా రాశి. ఆదాయం 2, వ్యయం 14. పద్నాలుగోది టెక్సస్ రాశి. ఆదాయం 14, వ్యయం 2." హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో మాత్రం ఆయన చెప్పలేదు. ఆ లెక్క తర్వాతి అంశంలో తేలింది.

తర్వాతి అంశం వీడ్కోలు సన్మానం. వేసవిలో ఊరు వదిలి వెళ్తున్న కుటుంబాలను వరసగా పిలిచి శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు. దాదాపు అందరూ టెక్సస్‌లోని డాలస్ వైపే: ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా. వారిలో పిల్లలకు తెలుగు నేర్పే మా మనబడి కేంద్రం ఉపాధ్యాయురాలు ఒకరున్నారు. 'ళ' పలకడానికి మొరాయించే పిల్లల చేత కూడా 'కళ్యాణం' అని ముచ్చటగా అనిపించిన మనిషి. సంఘం పెద్ద ఒకాయన మైకు అందుకుని, "ఇలాంటివారు వెళ్లిపోవడం మన దురదృష్టం. అంతా ఈ రాష్ట్ర ప్రభుత్వం చేస్తున్న నిర్వాకం" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆమె శాలువా సర్దుకుని నమస్కారం పెట్టి దిగిపోయింది.

అంతా రాష్ట్రం నిర్వాకమేనా? ఆ మాట దగ్గరే నాకు పులిహోర సహించలేదు. ఎందుకో చెప్పాలంటే అంతకు కొన్ని వారాల ముందు జరిగింది చెప్పాలి.

మా ఊళ్లో మూతబడిన ఒక దుకాణాల సముదాయం ఉంది. దాని స్థలంలో నాలుగంతస్తుల అపార్టుమెంట్లు కడతామని ఒక సంస్థ దరఖాస్తు పెట్టింది. వెంటనే మన కాలనీల వాట్సాప్ బృందాలు భగ్గుమన్నాయి. ట్రాఫిక్ పెరుగుతుందని, బళ్లు కిక్కిరిసిపోతాయని, ఇళ్ల విలువ పడిపోతుందని గగ్గోలు. ఆ ఆదివారం మనబడి తరగతి బయట, లోపల పిల్లలు గుణింతాలు వల్లిస్తుండగా, మనవాడే ఒక పెద్దమనిషి అట్టకు కాగితాలు బిగించుకుని, ఆ భవనం వద్దంటూ సంతకాలు సేకరిస్తున్నాడు. తరగతి వదిలాక బయటికి వచ్చిన ఆ టీచరమ్మ చేతికీ పెన్ను ఇచ్చాడు. "నేను అద్దెకుంటున్నాను బాబాయిగారూ, సొంతిల్లు లేదు" అంది ఆమె, తప్పించుకోవడానికి. "పర్వాలేదమ్మా, అద్దెకున్నవాళ్లూ పెట్టొచ్చు" అన్నాడాయన, ఆప్యాయంగానే. ఆమెకు దొరకగల చోటును ఆమె చేతే పోగొట్టిస్తున్నానన్న ఊహ ఆయన ముఖంలో లేశమైనా లేదు. ఆయన మంచివాడే. ఎవరింట్లో ఆపద వచ్చినా మొదట క్యారేజీ పట్టుకెళ్లేది ఆయనే. ఉగాది నాడు ఆమెకు కప్పిన శాలువా పళ్లెంలో పెట్టి అందించిందీ ఆయనే.

వెళ్లేవాళ్ల లెక్కను నేను తప్పు పట్టను. ఇద్దరి జీతాలూ కలిపి మూడు లక్షల డాలర్లుంటే ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను ఏడాదికి 20 వేల డాలర్ల చుట్టుపక్కల పోతుంది. టెక్సస్‌లో ఆ పన్నే లేదు. జీతంలో కోసుకునే ఎస్‌డీఐకి, అంటే రాష్ట్ర వైకల్య బీమా చందాకి, ఉన్న గరిష్ఠ పరిమితిని కూడా 2024 నుంచి ఇక్కడ ఎత్తేశారు. ఇక ఇల్లు సంగతి మాట్లాడుకోకపోవడమే మేలు.

అయితే కొన్ని అంకెలు వీడ్కోలు విందుల్లో వినబడవు. అక్కడ ఇంటి పన్ను రెండు శాతం చుట్టూ తిరుగుతుంది, కొత్త కాలనీల్లో అంతకు మించి కూడా. సొంతంగా ఉండే ఇంటికైనా పన్ను లెక్కగట్టే విలువ ఏటా పది శాతం వరకు పెరగొచ్చు. వడగళ్ల వానకు పైకప్పు మార్పించుకున్నవారిని అడిగితే బీమా కథ చెబుతారు. 2021 ఫిబ్రవరిలో కరెంటు లేక చలికి వణికినవారిని అడిగితే ఇంకో కథ. వెళ్లిపోయాక చేతికొచ్చే ఆర్‌ఎస్‌యూల్లో (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లలో) ఇక్కడ పనిచేసిన కాలం వాటాకు కాలిఫోర్నియాకు పన్ను కట్టాల్సిందే. హెచ్1బీ మీద ఉన్నవారికి పనిచేసే ప్రాంతం మారితే సవరణ పిటిషన్ వేయాలి. గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన పర్మ్ కూడా ఊరికి ముడిపడి ఉంటుంది. దాని తర్వాతి మెట్టయిన ఐ-140 ఆమోదం పొందితే ప్రాధాన్య తేదీ, అంటే గ్రీన్‌కార్డు వరసలో చోటు, నిలుస్తుంది గానీ, చాలామందికి కాగితాల తతంగం మళ్లీ మొదటికొస్తుంది. హైస్కూలు పిల్లలున్నవారు ఏబీ 540 అనే కాలిఫోర్నియా చట్టం గురించి తప్పక తెలుసుకోవాలి. మూడేళ్లు ఇక్కడి హైస్కూల్లో చదివి ఇక్కడే పాసైన పిల్లలకు, తర్వాత తల్లిదండ్రులు రాష్ట్రం మారినా, యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రాంగణాల్లో) బయటి రాష్ట్రంవారికి వేసే 30 వేల డాలర్లకు పైబడిన అదనపు ఫీజు తప్పే వీలుంది. పదో తరగతిలో ఉన్న పిల్లను తీసుకుని హడావిడిగా బయలుదేరేవారిని చూస్తే నా నోరు ఊరుకోదు.

ఇవన్నీ కలిపి కూడినా కొందరికి వెళ్లడమే లాభం. వెళ్లనివ్వండి. ఉన్న ఊరు ఖరీదై మరో చోటికి తరలడం మన జాతికి కొత్త కాదు.

మా పెదతాత కథే చెబుతాను. మాది తణుకు దగ్గర పల్లె. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక, గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి రాయచూరు వైపు వెళ్లిన వేలాది రైతుల్లో ఆయనా ఒకడు. అంతకు ముందు నిజాంసాగర్ కింద నిజామాబాదుకూ ఇలాగే వెళ్లారు. సింధనూరు దగ్గర ఒక క్యాంపులో స్థిరపడ్డాడు. క్యాంపు అంటే గుడారాలు కావు. మనవాళ్లు కట్టుకున్న ఊళ్లకు అక్కడ అదే పేరు. రామాలయం, దాని ముందు అరుగు, సంక్రాంతికి పందేలు, అన్నీ వెంట తీసుకెళ్లారు. తణుకు దగ్గర ఎకరం అమ్మితే అక్కడ అయిదారు ఎకరాలు వస్తాయని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన పండక్కి వచ్చినప్పుడల్లా సోనా బియ్యం బస్తా దింపేవాడు. కన్నడం కలిసిన ఆయన తెలుగును చూసి మేం పిల్లలం పగలబడి నవ్వేవాళ్లం.

మా ఇంట్లో మగవాళ్ల కథనం ప్రకారం ఆయన ఆశపోతు, పొలం పిచ్చితో పోయాడు. నాయనమ్మ చెప్పిన కథ వేరు. ఆయన పొలాన్ని ఆనుకుని దాయాదుల అరెకరం ఉండేది. వాళ్లు దున్నేవాళ్లు కారు, ఎవరికో కౌలుకిచ్చేవాళ్లు. ఆ చెక్క ఇమ్మని ఆయన ఏళ్ల తరబడి అడిగాడు. "భూమి అమ్ముకున్నాడంటే పరువుంటుందిరా? రేపు అమ్మాయి పెళ్లికి అక్కరకొస్తుంది" అన్నారు. అమ్మలేదు, ఆయనకు కౌలుకూ ఇవ్వలేదు. ఆ ఊళ్లో అందరూ అంతే. భూమి చేతులు మారేది కట్నంగానో, కోర్టు తీర్పుతోనో. ఇక వాటా చాలని కుర్రాడు ఎక్కడికి పోవాలి? ఆయన సామాను బండికెత్తిన రోజున ఆ దాయాదులే కాలవగట్టు దాకా వచ్చి గొల్లున ఏడ్చారట. ఆవకాయ జాడీ, బెల్లం దిమ్మ చేతిలో పెట్టారట. అరెకరం మాత్రం పెట్టలేదు.

ఉగాది సన్మానం చూస్తుంటే నాకు ఆ కాలవగట్టే కళ్లకు కట్టింది. ఆస్తిని కనిపెట్టుకుని ఉండే మన అలవాటును నేను చులకన చేయను. ఆ జాగ్రత్తే మనల్ని ఇంత దూరం తెచ్చింది. కానీ ఆస్తి విలువ పెరుగుతూనే ఉండాలి, ఊరు మాత్రం మనం వచ్చిన రోజున ఉన్నట్టే ఉండాలి అనే బుద్ధి కూడా అందులోంచే పుట్టింది. సముద్రాలు దాటినా అది మనల్ని వదల్లేదు.

పైగా ఇక్కడి చట్టం దానికి వత్తాసు. 1978లో ఓటర్లు గెలిపించిన ప్రొపొజిషన్ 13 ప్రకారం ఇంటి మూల పన్ను ఒక శాతం, పన్ను లెక్కగట్టే విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగకూడదు, అమ్మేదాకా అంతే. 1998లో నాలుగు లక్షల డాలర్లకు కొన్న ఇంటికి, స్థానిక బాండ్ల భారం కలిపినా, ఇవాళ పన్ను ఎనిమిది వేల చుట్టూ ఉంటుంది. పక్కనే అదే నమూనా ఇల్లు నిన్న 20 లక్షలకు కొన్న కుర్ర దంపతులకు 22 వేలు దాటుతుంది. ఒకే వీధి, ఒకే బడి, ఒకే చెత్త బండి. నేను ఆ ఎనిమిది వేల బాపతు. అమ్ముదామంటే దంపతులకు లాభంలో అయిదు లక్షల వరకే పన్ను మినహాయింపు. 1997లో గీసిన ఆ గీత ఈనాటికీ కదల్లేదు. కడదాకా ఉంచుకుంటే అప్పటిదాకా పెరిగిన లాభం మీద వారసులకు ఆదాయపు పన్నే ఉండదు. ఇక ఎవరు అమ్ముతారు? పిల్లలు సియాటిల్‌లోనూ న్యూయార్క్‌లోనూ, నాలుగు పడక గదుల ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు. ఇండియా నుంచి చుట్టాలు వస్తే పనికొస్తాయని మూడు గదులు ఖాళీ.

బళ్లు కిక్కిరిసిపోతాయన్న వాదన మరీ విడ్డూరం. 2017-18లో ఈ రాష్ట్ర ప్రభుత్వ బళ్లలో 62 లక్షల మంది పిల్లలుంటే 2023-24 నాటికి 58 లక్షలకు తగ్గారు. పిల్లలు చాలక బళ్లు మూసేయాలా అని బే ఏరియా డిస్ట్రిక్టులు తలలు పట్టుకుంటున్నాయి. మనబడిలోనూ చిన్న తరగతులే పలచబడుతున్నాయి, హాజరు పట్టీ తిరగేయండి. 2031 లోగా 4 లక్షల 41 వేల ఇళ్లకు చోటు చూపించమని రాష్ట్రం బే ఏరియా ఊళ్లకు చెప్పింది. ఆ ఇళ్లు ఎక్కడో ఒకచోట లేవాలి కదా. ప్రతి ఊళ్లోనూ మనలాంటివాళ్లు అట్టకు కాగితాలు బిగిస్తే ఎక్కడ లేస్తాయి?

రాష్ట్రం తప్పేమీ లేదని కాదు. పన్నులు ఎక్కువే, కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది, అనుమతుల కోసం తిరిగితే చెప్పులరుగుతాయి. అవి మన చేతిలో లేవు. సంతకం మన చేతిలో ఉంది.

కాబట్టి నా తోటి పాతకాపులకు ఒక విన్నపం. పెరట్లో చోటున్నవారు ఏడీయూ, అంటే అదే స్థలంలో ఇంకో చిన్న ఇల్లు, కట్టే ఆలోచన చేయండి. ఇప్పుడు చట్టం మునుపటికన్నా చాలా అనుకూలంగా ఉంది. దాన్ని సెలవుల అద్దెలకు తిప్పకుండా, మన మనబడి టీచర్లలాంటివారికి ఏళ్ల తరబడి ఉండనిచ్చే అద్దెకు ఇవ్వండి. సంఘం కార్యవర్గానికి ఇంకో మాట. సినిమా తారల్ని రప్పించే బడ్జెట్‌లో ఒక మధ్యాహ్నం పక్కన పెట్టి, వెళ్లాలా ఉండాలా అని తేల్చుకోలేక సతమతమయ్యే కుటుంబాల ముందు ఒక పన్ను నిపుణుణ్ణి, ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కూర్చోబెట్టండి. వాళ్ల కాగితాలు చూసి వాళ్ల లెక్క వాళ్లకు చెప్పనివ్వండి. పంచాంగంలో మనం తేల్చొద్దు.

ఆ నాలుగంతస్తుల భవనం మీద విచారణ వచ్చే నెల సిటీ హాల్లో ఉంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మైకు ఇస్తారు. ఇప్పటిదాకా మాట్లాడతామని పేర్లిచ్చిన మనవాళ్లంతా వద్దనేవాళ్లే. కావాలని చెప్పడానికి నేను వెళ్తున్నాను. కారులో ఇంకో నలుగురికి చోటుంది, వచ్చేవారు ముందుగా ఒక మాట చెప్పండి.