పట్టపగలు చుక్కలు

ముగ్గుల్లో గీతల ముగ్గు, చుక్కల ముగ్గు ఉన్నట్టే కంప్యూటర్ బొమ్మల్లోనూ రెండు జాతులున్నాయి. గీతలదాన్ని వెక్టర్ అంటారు, చుక్కలదాన్ని రాస్టర్ అంటారు. మొదటిదాన్ని రెండోదిగా మార్చి, ఆ తర్వాత మొదటిదాన్ని ఎవరికీ దొరక్కుండా దాచేయడాన్ని మన ఊళ్లలో డిజైనింగ్ అంటారు. ఈ విద్యకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని నా బాధ.

గీతల ఫైల్లో నిజానికి బొమ్మే ఉండదు. ఇక్కడ బయల్దేరు, ఇంత వంపు తిరుగు, అక్కడ ఆగు అనే లెక్కలుంటాయి. 1960ల్లో ఫ్రాన్సులో రెనో కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే కారు ఒంపుల కోసం వాడిన లెక్కే ఇవాళ కోరెల్‌డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో మన పెళ్లికార్డు వినాయకుడి తొండం తిప్పుతోంది. విజిటింగ్ కార్డు మీదా అదే తొండం, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీదా అదే తొండం. ఎంత సాగదీసినా అంచు చెదరదు. బొమ్మకు అంత పొగరు పనికిరాదు కదా, అందుకే మనం దాన్ని జేపీజీ అనే చుక్కల ఫైలు చేస్తాం.

మా అపార్ట్‌మెంట్ సంఘం లోగో సంగతే చూడండి. కలశం, కొబ్బరికాయ, మామిడాకులు. డీటీపీ షాపు కుర్రాడు కోరెల్‌లో ముచ్చటగా గీశాడు. ఇచ్చింది మాత్రం జేపీజీ. "సీడీఆర్ ఫైలు, అదే గీతల అసలు ఫైలు, ఇవ్వు బాబూ" అంటే, "అది మీ ఫోన్‌లో ఓపెన్ కాదంకుల్" అన్నాడు. ఓపెన్ కాని మాట నిజమే. మా బీరువా లాకరు కూడా ఫోన్‌లో ఓపెన్ కాదు, అలాగని బంగారం అతని దగ్గర పెట్టలేదు.

అతని వైపు న్యాయం కూడా చెప్పాలి. "అను" అనే తెలుగు ఫాంట్లు లేని సిస్టమ్‌లో ఆ ఫైలు తెరిస్తే "శ్రీరస్తు" కాస్తా ఇంగ్లిషు అక్షరాల పిచ్చిరాత అయిపోతుంది. కోరెల్‌లో కంట్రోల్ క్యూ కొడితే అక్షరాలు కూడా గీతలైపోయి ఆ బెడద పోతుంది. కానీ ఆ ఫైలు పట్టుకుని కస్టమర్ కూడా వేరే షాపుకి పోతాడు.

అధ్యక్షులవారు ఆ జేపీజీని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేశారు. కార్యదర్శి దాన్ని స్క్రీన్‌షాట్ తీసి కత్తిరించారు. కోశాధికారి మళ్లీ ఫార్వర్డ్ చేశారు. ఫ్లెక్సీ మెషీన్ దాకా వచ్చేసరికి 400 బై 400 చుక్కలు మిగిలాయి, అంటే లక్షా అరవై వేలు. పది అడుగుల లోగోకి అంగుళానికి 72 చొప్పున వేసుకున్నా ఏడున్నర కోట్ల చుక్కలు కావాలి. లేని చుక్కలు మెషీన్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఉన్నవాటినే సాగదీసింది. ఒక్కో చుక్కకి 7 మిల్లీమీటర్ల పైచిలుకు, శనగగింజంత. మామిడాకులకు మెట్లు వచ్చాయి. లిఫ్టు పనిచేయని బిల్డింగుకి మెట్ల లోగో రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

పైగా జేపీజీకి పారదర్శకత తెలియదు (సంఘం లెక్కల పుస్తకంతో పోల్చడం నా ఉద్దేశం కాదు). పసుపు ఫ్లెక్సీ మీద కలశం చుట్టూ తెల్లటి పెట్టె పడింది. దగ్గరికెళ్లి చూస్తే కొబ్బరికాయ పక్కన బూజులాంటి మరకలు. చోటు మిగుల్చుకోవడానికి జేపీజీ బొమ్మను 8 బై 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి ఆననివి అనుకున్నవి పారేస్తుంది. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పారేస్తుంది. ఫొటోల కోసం పుట్టిన పద్ధతి పాపం, పదునైన గీతల దగ్గర దొరికిపోతుంది.

అత్యవసర సమావేశం పెట్టి, ఆ జేపీజీనే అదే కుర్రాడికిచ్చి, మళ్లీ గీతలుగా గీయడానికి డబ్బులు కట్టాం. ఇల్లు పీకి పందిరి వేయడమంటే మాకు ముందునుంచీ ఇష్టం. ఈసారి తెల్ల పెట్టె ఉండకూడదని గట్టిగా చెబితే పీఎన్‌జీ పంపాడు, అదీ చుక్కలదే, కాకపోతే వెనకాల ఖాళీగా ఉంచగలదు. కార్యదర్శి దాన్ని లాప్‌టాప్‌లో తెరిచి, ఫోన్‌తో ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. వెనకాల ఏమీ లేదని చూపించే బూడిదరంగు గళ్లు కూడా అందులో పడ్డాయి. ఫ్లెక్సీ నిన్న కట్టారు. గళ్ల డిజైను కొత్తగా ఉందని అధ్యక్షులవారు మెచ్చుకున్నారు.