ఏఐ, దేశ భద్రత: ‘సామాన్యులకేం తెలుసు’ అనేవాళ్లకు

నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దేశ భద్రతలో ఏఐ వాడకం మీద జనం అభిప్రాయం అడగడం దండగ అంటుందది. అడిగితే రహస్యాలు పోతాయట, సామాన్యులకు ఇవేవీ తెలియవట, మిషన్ మనిషిలా పొరపాటు చేయదట, ఏ దేశమూ ఇలా అడగదట, అడిగినా మనవాళ్లు పలకరట. కింద జాతీయ జెండా బొమ్మ. జెండా పెడితే ఎవరూ ఎదురు మాట్లాడరని కాబోలు.

ముందు రహస్యాల సంగతి. రాడార్ ఎక్కడుందో చెప్పమని ఎవరూ అడగడం లేదు. అలాంటివి దాచాల్సిందే. మనం అడిగేది నియమాల గురించి: మిషన్ ఒకరిని అనుమానితుడంటే దాన్ని సరిచూసేదెవరు, తప్పని తేలితే ఎవరికి చెప్పుకోవాలి? అమెరికాలో దేశ భద్రత, ఏఐ మీద వేసిన కమిషన్ తలుపులు మూసుకుని పనిచేస్తుంటే పౌరుల గోప్యత కోసం పనిచేసే ఎపిక్ అనే సంస్థ కోర్టుకెళ్లింది. సమావేశాలు జనానికి తెరవాల్సిందేనని 2020లో కోర్టు తేల్చింది. 2021 మార్చిలో ఆ కమిషన్ 756 పేజీల నివేదిక ఇచ్చింది. కొంపలేమీ మునగలేదు.

ఇక ‘సామాన్యులకేం తెలుసు’. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగా వచ్చారు. ఆ తర్వాతే చేపల వేటకెళ్లేవాళ్లకు బయోమెట్రిక్ కార్డులొచ్చాయి. ఇప్పుడు దేశమంతటా లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు, అంటే పడవ ఎక్కడుందో సిగ్నల్ పంపే పరికరాలు పెట్టే పథకం నడుస్తోంది. రేపు ఆ సిగ్నళ్లు చూసి ‘ఈ పడవ తేడాగా ఉంది’ అని ఏఐ చెప్పే రోజు వచ్చిందనుకోండి. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె రేవు నుంచి వెళ్లిన ఫైబర్ బోటు వాళ్లు రాత్రి వల వేసి ఇంజిన్ ఆపేస్తారు. బోటు నీటివాలున గంటల తరబడి అలా పోతూనే ఉంటుంది. మిషన్‌కు అది ఎవరికోసమో కాచుకున్న పడవ. మత్స్యకారులుండే పట్టపుపాలెంలో పదేళ్ల పిల్లాడిని అడిగినా అది వేట అని చెబుతాడు.

వేలిముద్రల సంగతీ అంతే. తాళ్లు లాగి లాగి అరిగిన వేళ్లు రేషన్ షాపు మిషన్‌లోనే పడవు. “పడట్లేదు పెద్దాయనా, ఇంకో వేలు పెట్టు” అంటాడు డీలరు. బియ్యం దగ్గరైతే రేపు రమ్మంటారు. నడిసముద్రంలో గస్తీ బోటు వాళ్ల ముందు వేలు పడకపోతే? ఈ ప్రశ్న ఢిల్లీలో కూర్చున్న ఇంజినీరుకు తట్టడం కష్టం.

మిషన్ పొరపాటు చేయదా? 2003 మార్చిలో ఇరాక్ యుద్ధంలో క్షిపణుల్ని గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ, తిరిగొస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా లెక్కగట్టింది. సిబ్బంది దాన్ని నమ్మి పేల్చేశారు. విమానంలో ఉన్న ఇద్దరూ పోయారు. అది ఇప్పటి ఏఐ కూడా కాదు. మిషన్ మాట కాదనడానికి మనిషికి క్షణాలే మిగిలితే, మీట మనిషి చేతిలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఏ దేశమూ అడగదన్నది పచ్చి అబద్ధం. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, మనిషి ప్రమేయం లేకుండా చంపగల ఆయుధాల మీద దేశాలతో పాటు పౌర సంఘాలు, శాస్త్రవేత్తల అభిప్రాయాలూ తీసుకోవాలని తీర్మానించింది. 152 దేశాలు సరేనన్నాయి. వద్దన్న నాలుగింట్లో మనమూ ఉన్నాం. దీనికి జెనీవాలో వేరే వేదిక ఉంది కదా అన్నది మన ప్రభుత్వ వాదన. ఆ వాదనలో బలం ఉండొచ్చు, అది వేరే చర్చ.

పలకరంటారా? 2025 జనవరిలో ఏఐ నియమాల మీద ఉపసంఘం నివేదికను కేంద్రం జనం ముందు పెట్టింది, ఇంగ్లీషులో. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని, సులువైన భాషలో వివరణ ఇవ్వాలని 2014 నుంచి కేంద్రం విధానమే ఉంది. ఏఐ విషయంలోనూ అలాంటి వివరణ తెలుగులో ఒక్క పేజీ వేసి, మత్స్యకార సొసైటీ ఆఫీసుల గోడలకు అంటించండి. అప్పటికీ ఎవరూ పలక్కపోతే ఆ మెసేజ్ నేనే ఫార్వర్డ్ చేస్తా.