ఇంద్రుడి రథం, మా అపార్ట్‌మెంట్ లిఫ్టు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పోయిన నెల ఒక నోటీసు వెలిసింది. 'కుక్కలకు లిఫ్టులో ప్రవేశం లేదు. ఇట్లు, అసోసియేషన్.' మేముండేది ఐదో అంతస్తు. మా టామీ ఉండేదీ అక్కడే. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కకుండా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయండీ అని సెక్రటరీ గారికి ఫోన్లో చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, "బోర్డు వాళ్లు మనకేమైనా మెయింటెనెన్స్ కడుతున్నారా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అంచేత ఈ వ్యవహారాన్ని మొదటినుంచీ, అంటే సుమారు 14,000 ఏళ్ల కిందటి నుంచీ, తవ్వక తప్పలేదు.

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో క్వారీ పనివాళ్లకు ఒక పాత సమాధి దొరికింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు. దాని వయసు ఏడు నెలలకు మించదు. పళ్ల మీద గుర్తులను బట్టి దానికి డిస్టెంపర్ అనే జబ్బు సోకిందనీ, వారాల తరబడి తీసుకుందనీ, ఎవరో దగ్గరుండి సాకకపోతే అన్నాళ్లు బతికేది కాదనీ 2018లో పరిశోధకులు తేల్చారు. ఆ స్థితిలో అది వేటకు రాదు, కాపలాకు పనికిరాదు. అయినా కూర్చుని తుడిచారు, తాగించారు, చివరికి తమ పక్కనే పడుకోబెట్టుకున్నారు. పైసా లాభం లేని చోట మనిషి ఇంత ఖర్చు పెట్టడం దారుణమైన పొరపాటు. అదృష్టవశాత్తూ మనవాళ్లు తర్వాత తేరుకుని లెక్కలు సరిచేసుకున్నారు.

కుక్క మాత్రం తేరుకోలేదు. మనకోసం ఏకంగా ఒళ్లే మార్చుకుంది. పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలుకు రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటున్నాయని 2013లో స్వీడన్ పరిశోధకుల బృందం చెప్పింది. తోడేలు ముందు పెరుగన్నం పెడితే పెట్టిన చెయ్యి తింటుంది. మా టామీకి పెరుగన్నం పడకపోతే భోజనం అయినట్టే ఉండదు. ఈ ఒక్క విషయంలో అది మా అబ్బాయికన్నా తెలుగుది. ఇక మొహం సంగతి. కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తి దీనంగా చూడటానికి ఒక చిన్న కండరం కావాలి. తోడేలుకు అది సరిగా ఉండదు, కుక్కలకు ఉంటుంది (2019లో కోసి చూసి మరీ చెప్పారు). అలా మన కళ్లలోకి చూస్తే తల్లీబిడ్డల మధ్య పనిచేసే ఆక్సిటోసిన్ అనే హార్మోను ఇద్దరిలోనూ పెరుగుతుందని 2015లో జపాన్ వాళ్లు కొలిచారు. అంటే నేను రోజూ ఇచ్చుకుంటున్న నాలుగు మారీ బిస్కెట్లు ఒక కండరానికి కడుతున్న కప్పం అన్నమాట.

ఇంత చేసినందుకు మనమేమిచ్చాం? బిరుదు ఇచ్చాం. గ్రామసింహం! బిరుదిచ్చి జీతం ఎగ్గొట్టడం మనకు కొత్తేమీ కాదు. ఒకడు మేలు మరిచిపోతే 'కుక్కకున్న విశ్వాసం కూడా లేదు' అంటాం, వాడిమీదే ఇంకాస్త కోపం వస్తే 'కుక్కా' అనే అంటాం. ఒకే నోరు, ఒకే జంతువు.

కావాలంటే హచికో దస్త్రం తీయండి. టోక్యోలో వ్యవసాయ శాస్త్రం చెప్పే ఉయెనో అనే ప్రొఫెసర్ 1925లో పోయాడు. ఆయన కుక్క హచికో, 1935లో తను పోయేదాకా, ఆయన కోసం షిబుయా స్టేషన్‌కు వస్తూనే ఉంది. మొదట్లో స్టేషన్లో ఛీ ఛీ అని తరిమారు. 1932లో పేపర్లో పడింది. అంతే, తరిమిన జనమే తినుబండారాలు పట్టుకుని వచ్చారు. 1934లో కంచు విగ్రహం పెట్టారు. ఆ ఆవిష్కరణకు హచికో కూడా హాజరైంది. మన నాయకుల్లో కొందరికి తప్ప ఇలాంటి యోగం పట్టదు. ఆ తర్వాత యుద్ధం ముదిరి లోహానికి కరువొచ్చింది. విగ్రహాన్ని కరిగించేశారు. ఇప్పుడున్నది 1948లో పెట్టిన రెండో విగ్రహం. విశ్వాసానికి గుర్తుగా పెట్టిన దాన్ని అవసరానికి కరిగించుకోవడంలో ఉన్న నిజాయితీ నాకు నచ్చింది.

లైకా కథ ఇంకా చక్కనిది. మాస్కో వీధుల్లో తిరిగే ఊరకుక్క. చలికీ ఆకలికీ అలవాటు పడ్డ ఒళ్లు కదా అని ఏరికోరి ఎంచుకున్నారు. బయల్దేరే ముందు ఒక శాస్త్రవేత్త దాన్ని ఇంటికి తీసుకెళ్లి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు. తర్వాత, 1957 నవంబరు 3న, సోవియట్ వాళ్లు రాకెట్లో పెట్టి అంతరిక్షంలోకి పంపారు. తిరిగొచ్చే ఏర్పాటు మొదట్నుంచీ లేదు. కొన్ని రోజులు బతికిందని ఏళ్ల తరబడి చెప్పారు. కాదు, వేడికి కొన్ని గంటల్లోనే పోయిందని 2002లో బయటపడింది. 2008లో దానికీ విగ్రహం కట్టారు. (వీధికుక్క కాటు తిన్నవాడి బాధ వేరు, దానిమీద హాస్యాలాడను. మనం వదిలేసిన చెత్తకుప్పా, మనం చేయించని ఆపరేషన్లూ కరిచాయని మాత్రం అంటాను.)

ఈ ఆధారాలన్నీ పట్టుకుని మళ్లీ సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాను. వినలేదు. చివరి అస్త్రంగా మహాప్రస్థానం ఎత్తాను. తిక్కన గారు తెలుగు చేసిన కథే. భార్యా నలుగురు తమ్ముళ్లూ ఒక్కొక్కరే దారిలో పడిపోతుంటే వెనక్కి చూడకుండా నడిచిన ధర్మరాజు, ఇంద్రుడు రథం తెచ్చి 'కుక్కలకు ప్రవేశం లేదు' అనేసరికి, అయితే నేనూ రానన్నాడు. జూదంలో ఆలిని ఒడ్డిన మనిషి కుక్క దగ్గర పట్టుబట్టాడు. (ఈ ముక్క విని మా ఆవిడ, "మీకంటే నయం, ఆయన జూదమైనా ఆడాడు" అంది. దీని అర్థం నాకింకా తేలలేదు.)

సెక్రటరీ గారు అంతా శ్రద్ధగా విన్నారు. "బాగుంది మాస్టారూ. కానీ అది మామూలు కుక్క కాదు, సాక్షాత్తూ యమధర్మరాజు. మీదీ యముడేనని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టండి, కమిటీలో పెడతాను" అన్నారు.

ధర్మరాజుకు ఆ సంగతి ముందు తెలియదండీ, మామూలు కుక్కే అనుకునే ఆగాడు అని చెప్పబోయాను. అప్పటికే ఆయన లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రం నేనూ టామీ మెట్లెక్కాం. మూడో అంతస్తు దగ్గర ఆయాసం తట్టుకోలేక రెయిలింగ్ పట్టుకుని ఆగాను. నాలుగు మెట్లు పైకెళ్లిన టామీ వెనక్కొచ్చి నా పక్కన కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరు. ఏదైనా తేజస్సు బయటపడుతుందేమోనని దానివైపు ఒకసారి ఆశగా చూశాను.

అది చెవి గోక్కుంది.