చచ్చాక చెబితే పైసా రాదు

పంది రెండు రోజులుగా మేత ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది, థర్మామీటరు 105 దాటింది. చెవుల అంచులు ముందు ఎర్రబడి, తర్వాత నీలం తిరిగాయి. మిజోరాంలో ఓ పెంపకందారు దొడ్డి దగ్గర నిలబడి ఆలోచిస్తాడు: పశువైద్యుడికి ఫోన్ చేయాలా, తెల్లారేలోగా కోసి అమ్మేయాలా? ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను ఆపడమంతా ఆ జవాబులోనే ఉంది. ప్రభుత్వాల తీరు చూస్తే అతను రెండోదానికే మొగ్గుతాడన్నది మా భయం.

పేరు చూసి స్వైన్ ఫ్లూ అనుకోవద్దు. ఇది మనుషులకు సోకదు. పందికి సోకితే మాత్రం బతకడం అరుదు, మందు లేదు. దేశంలో తొలిసారి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో నిర్ధారణ అయింది. 2021 మార్చిలో మిజోరాంలోని లుంగ్‌సెన్ గ్రామంలో పందులు చావడం మొదలైంది. ఆ ఏడాది రాష్ట్రంలో వేల పందులు పోయాయి. 2025లోనూ మళ్లీ అదే కథ. క్రిస్మస్ విందుకూ, పిల్లల ఫీజులకూ పందినే నమ్ముకున్న ఇళ్లవి.

చూసి గుర్తుపడదామంటే కుదరదు. మామూలు స్వైన్ ఫీవర్‌కూ ఇవే లక్షణాలు. దానికి టీకా ఉంది, దీనికి మన దేశంలో లేదు. వియత్నాం 2023లో తన టీకాలను దేశమంతా వాడుకోవడానికి అనుమతించింది కానీ, బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి చాలా దేశాలు వెనకాడుతున్నాయి. రెండు జ్వరాల్లో ఏది వచ్చిందో తేల్చేది ల్యాబ్ పరీక్షే. ఐస్ పెట్టెలో రక్తం కొండ దారులు దిగి, విమానమెక్కి భోపాల్‌లోని జాతీయ పరిశోధనశాలకు చేరి ఫలితం వచ్చేదాకా వైరస్ ఆగి కూర్చోదు. అప్పటికే కోసిన మాంసంలో, చెప్పులకంటిన బురదలో పక్క ఊరికి వెళ్లిపోతుంది. గడ్డకట్టించిన మాంసంలో నెలల తరబడి చావదు.

నిర్ధారణ అయ్యాక రూలు కఠినం. చుట్టూ కిలోమీటరు లోపలున్న పందులన్నిటినీ చంపాలి, బాగున్నవాటిని కూడా. పది కిలోమీటర్ల వరకు నిఘా. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. తిరకాసంతా పరిహారంలో ఉంది. అధికారులు చంపిన పందికే డబ్బు, ముందే చచ్చినదానికి లేదు. తొందరగా చెప్పినవాడికి లాభం, కాగితం మీద బాగానే ఉంది. ఆ డబ్బు నెలలు గడిచినా రాకపోతే? పక్కింటివాడి దొడ్డి ఖాళీ అయి, బ్యాంకు ఖాతా ఖాళీగానే ఉండటం చూసినవాడు ఫోన్ తీయడు. కత్తి తీస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో పందుల్ని ఎక్కువగా సాకేది ఎరుకల కుటుంబాలు. హోటళ్ల ఎంగిలే మేత. అందులో పచ్చి మాంసం ముక్కలుంటాయి, అవే వైరస్‌కు రాచబాట. అరగంట మరిగించి పెట్టమని చెప్పడం తేలిక, కట్టెల ఖర్చెవరిస్తారు? ముందు పెద్ద డేగిసాలకూ, పొయ్యిలకూ సాయం చేయండి. పందికి ఎంతిస్తారో రోగం రాకముందే ఊళ్లలో బోర్డు రాసి పెట్టండి. చంపే బృందం వచ్చిన రోజే సగం డబ్బు ఖాతాలో పడాలి. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయమని ఆ తర్వాత చెప్పండి, చేస్తారు.