మిక్సీకున్న గ్యారంటీ కొవ్వాడ రియాక్టరుకు లేదా?

2025 డిసెంబరులో రెండు రోజుల్లోనే రెండు సభలూ దాటేసిన ‘శాంతి’ అనే కొత్త అణుశక్తి చట్టం గురించి టీవీల్లో అందరం చూశాం. అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలు రావచ్చు, 2047 నాటికి లక్ష మెగావాట్లు ఉత్పత్తి చేస్తాం అన్నారు. బాగుంది. ఆ సందడిలో చట్టంలోంచి ఒక చిన్న క్లాజు ఎగిరిపోయింది. దాని భారం రేపు మోయాల్సింది అణు విద్యుత్ ప్లాంటు రాబోతున్న శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ కాబట్టి, నా గొడవంతా ఆ క్లాజు గురించే.

2010 నాటి అణు ప్రమాద పరిహార చట్టంలో 17(బి) అని ఉండేది. సరఫరాదారు ఇచ్చిన పరికరంలో పైకి కనిపించే లోపమో, లోపల దాగిన లోపమో ఉండి ప్రమాదం జరిగితే, బాధితులకు కట్టిన సొమ్మును ప్లాంటు నడిపే సంస్థ ఆ సరఫరాదారు నుంచి వసూలు చేసుకోవచ్చు. భోపాల్‌ను చూసిన దేశం రాసుకున్న మాట అది. 1984లో ఊరు ఊరంతా విషం పీల్చితే, 1989లో 47 కోట్ల డాలర్లు కట్టి కంపెనీ చేతులు దులుపుకొంది. మళ్లీ అలా జరగకూడదనే 17(బి) పెట్టారు. దాన్ని తీసేయమని విదేశీ కంపెనీలు ఏళ్ల తరబడి పట్టుబట్టాయి. కొత్త చట్టంలో అది లేదు.

ఇంట్లోకి మిక్సీ కొన్నా గ్యారంటీ కార్డు అడుగుతాం. షాపువాడు తేదీ రాసి, స్టాంపు గుద్ది, సంతకం పెట్టి ఇస్తాడు. ఇంట్లో ఆడవాళ్లు దాన్ని బీరువాలో చీరల కింద దాస్తారు. ఆర్నెల్లకు మోటారు కాలిపోతే ఆ కార్డు పట్టుకుని వెళ్లి నిలదీస్తాం. వేల కోట్ల రియాక్టరు అమ్మేవాడు మాత్రం తన యంత్రమంత భద్రమైనది లోకంలో లేదంటాడు, అందులో లోపం బయటపడితే తనను అడగొద్దంటాడు. అంత భద్రమైనదైతే బాధ్యత తీసుకోవడానికి భయమెందుకు? అణు విద్యుత్తును సమర్థించే మిత్రులను ఎన్నిసార్లు అడిగినా ఈ ఒక్కదానికి సూటిగా జవాబు రాలేదు.

ఎంత పెద్ద రియాక్టరైనా, ఎంత ఘోరం జరిగినా కొత్త చట్టం ప్రకారం ప్లాంటు నడిపే సంస్థ కట్టాల్సింది 3,000 కోట్ల రూపాయలు మించదు. ఫుకుషిమా ప్రమాదానికి అయ్యే ఖర్చు 21.5 లక్షల కోట్ల యెన్లని 2016లో జపాన్ ప్రభుత్వమే లెక్కగట్టింది. మన డబ్బులో అది పది లక్షల కోట్లకు పైమాటే. ఈ తేడా ఎవరి నెత్తిన పడుతుంది?

అణు విద్యుత్తే వద్దనేవాణ్ని కాను. బొగ్గు పొగ లేకుండా రాత్రీ పగలూ కరెంటు ఇచ్చే మార్గాలు ఎక్కువ లేవు, సోలార్‌కు ఎండ కావాలి, ఈ వాదనలో నిజం ఉంది. మన రియాక్టర్లకు ఇంధనం హైదరాబాద్ మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారవుతోంది. మణుగూరులో రియాక్టర్లలో వాడే భారజలం తీస్తున్నారు. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. గుజరాత్‌లోని కాక్రపార్‌లో 700 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్లు రెండు నడుస్తున్నాయి. చేతిలో ఇంత విద్య ఉన్న దేశం కొవ్వాడకు ఏం తెస్తోంది? అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ చేసే 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు.

ఈ రకం రియాక్టర్లు సొంత దేశంలో ఏమయ్యాయో చూడండి. జార్జియా రాష్ట్రంలోని వోగల్ ప్లాంటులో రెండింటికి 1,400 కోట్ల డాలర్లు చాలన్నారు, 3,000 కోట్లు దాటింది. ఏడేళ్లు ఆలస్యంగా 2023లో ఒకటి, 2024లో మరొకటి మొదలయ్యాయి. ఆ ఖర్చు అక్కడి జనం కరెంటు బిల్లుల్లోకి ఎక్కింది. పక్కనే దక్షిణ కరోలినాలో సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాక పని మధ్యలోనే వదిలేశారు. 2017లో వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది. వోగల్‌లో ఆ రెండింటికైన ఖర్చు మన లెక్కలో రెండున్నర లక్షల కోట్లకు పైమాటే. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ మొత్తం 3.22 లక్షల కోట్లు. ఇక్కడ చౌకగా కడతాం అంటారా? అయితే యూనిట్ కరెంటు ఎంతకిస్తారో ఆ అంకె జనం ముందు పెట్టండి.

అసలు ఈ రియాక్టర్లు మొదట కొవ్వాడకు అనుకున్నవి కావు. గుజరాత్ భావనగర్ జిల్లాలోని మీఠీ విర్దీలో పెట్టాలనుకున్నారు. అక్కడి రైతులు ససేమిరా అన్నారు. 2016లో ఇటు మళ్లించారు. గుజరాత్ రైతుకున్న నోరు ఉత్తరాంధ్ర మత్స్యకారుడికి లేదనుకున్నారా? సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జులైలో, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే జిల్లా ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో మంచం పడుతున్నా, కారణం ఇదీ అని ఇంతవరకు తేల్చినవాళ్లు లేరు. ప్రత్యేక ఆసుపత్రి పలాసకు రావడానికి 2023 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ఉన్న జబ్బు సంగతే తేల్చని ప్రభుత్వాలు రేడియేషన్‌తో ఏమీ కాదంటే ఆ జనం ఎలా నమ్ముతారు?

నష్టపరిహారం ఎకరాల్లో లెక్కేస్తారు. సముద్రానికి పట్టా ఉండదు. చేపల వేట మీద బతికేవాళ్లు కూడా బాధిత కుటుంబాలేనని 2013 భూసేకరణ చట్టం స్పష్టంగా చెబుతోంది. కానీ సముద్రానికి దూరంగా కాలనీలో ఇల్లిస్తే పడవ ఎక్కడ కట్టుకోవాలి, వల ఎక్కడ ఆరేయాలి? ఇప్పటికే శ్రీకాకుళం తీరం కుర్రాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వీరావల్ దాకా వలసపోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. గుజరాత్ వద్దన్న ప్లాంటు వీళ్ల ఊరికొస్తే, వీళ్లు గుజరాత్ బోట్ల మీద కూలికి పోవాలా?

కొవ్వాడ ఒప్పందం మీద తుది సంతకం పెట్టేముందు రెండు కాగితాలు ఆ గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. ఒకటి యూనిట్ కరెంటు ధర. రెండోది, రియాక్టరులో లోపం ఉంటే ఆ నష్టం తానే భరిస్తానని తయారుచేసినవాడు రాసిచ్చిన హామీ. 17(బి) చట్టంలో లేకపోయినా ఒప్పందంలో రాయించుకోవడానికి అడ్డేమీ లేదు. కొత్త చట్టం కూడా ఆ వెసులుబాటు ఉంచింది. రాయించుకుంటారా లేదా అన్నది ఢిల్లీ, అమరావతి చెప్పాలి.