యాషెస్ వాడితే గెలిచినట్టు కాదని ఎవరు చెప్పారు?

ఏ గేమింగ్ గ్రూపు తెరిచినా అదే ఫార్వర్డ్. "ఎల్డెన్ రింగ్: అసలైన ప్లేయర్లకు మాత్రమే తెలిసిన నిజాలు" అని పైన పెద్ద అక్షరాలు, కింద నిప్పు ఎమోజీలు. చదవని వాళ్ల కోసం అందులో ఉన్నదేమిటో చెబుతాను. ఈ గేమ్‌లో ఒక్క లోపం కూడా లేదట. స్పిరిట్ యాషెస్ (పోరులో తోడుగా పిలుచుకునే ఆత్మలు), మ్యాజిక్, కో-ఆప్ (వేరే ప్లేయర్లతో కలిసి ఆడటం) వాడి బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, చంపితే గెలిచినట్టు కాదట. ఈజీ మోడ్ లేకపోవడమే కరెక్టట. మ్యాప్‌లో ఎక్కడా రిపీట్ అన్నది లేదట. క్వెస్ట్ లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) లేకపోవడం గొప్పతనమట, కథ అర్థం కాకపోతే లోపం మన బుర్రలో ఉందట. పీసీలో గేమ్ ఆగి ఆగి నడిస్తే మన పీసీ చవకదట. కథంతా నవలా రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాశాడట.

ఈ గేమంటే నాకు ప్రాణం. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఒళ్లు మండుతోంది.

చిన్నవి ముందు తేల్చేస్తాను. మార్టిన్ రాసింది గేమ్ మొదలవక ముందటి చరిత్ర, అంటే ఆ దేవతల కుటుంబం, వాళ్ల గొడవలు. మనం ఆడేటప్పుడు వినే మాటలు, చదివే వివరణలు గేమ్ తయారుచేసిన కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ల పని. ఇది వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు.

పీసీ విషయం. 2022 ఫిబ్రవరి 25న గేమ్ వచ్చినప్పుడు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్న వాళ్లకు కూడా గేమ్ మధ్యమధ్యలో బిగుసుకుపోయింది. గేమ్స్ అమ్మే స్టీమ్ స్టోర్‌లో రివ్యూలు మొదటి రోజుల్లో "మిక్స్‌డ్" దగ్గరే ఆగాయి. లైనక్స్ మీద నడిచే స్టీమ్ డెక్ అనే చేతి పీసీలో, దాన్ని చేసిన వాల్వ్ కంపెనీ ఇంజినీర్లు తమవైపు నుంచి మార్పులు చేసి ఆ బాధను తగ్గించారు. అంటే లోపం ఆడేవాళ్ల మెషీన్లలో లేదు, గేమ్ పీసీ వెర్షన్‌లో ఉంది. ఫ్రేమ్ రేట్‌ని (సెకనుకు చూపే బొమ్మల సంఖ్యను) 60 దగ్గర కట్టేయడం అప్పుడూ ఉంది, ఆ తర్వాతా ఉంది. 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 ఉంటే చాలని కంపెనీయే ప్రకటించింది. అది నమ్మి డబ్బు పెట్టి కొన్న కుర్రాడిని "నీ పీసీ చవకది" అనడం ఏం సంస్కారం?

ఇక రిపీట్ లేదన్న మాట. ఇది రాసిన మనిషి గేమ్ ఎంతవరకు ఆడాడో నాకు అనుమానమే. స్టార్మ్‌వీల్ కోట, రాయా లుకారియా అకాడమీ, లేండెల్ నగరం, వీటి గురించి ఎంత పొగిడినా తక్కువే. మిస్ట్‌వుడ్ అడవిలో బావిలాంటి గోపురంలోకి వెళ్లి లిఫ్ట్ ఎక్కితే అది దిగుతూ, దిగుతూ, ఇంకా దిగుతూనే ఉంటుంది. చివరికి భూమి కింద నక్షత్రాలతో నిండిన ఆకాశం కనిపిస్తుంది. సియోఫ్రా నది దగ్గర ఆ క్షణం చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. కానీ అదే గేమ్‌లో క్యాటకూంబ్స్ (భూగర్భ సమాధులు) కూడా ఉన్నాయి. అవే రాతి గోడలు, మీద పడే అవే చిన్న రాతి బొమ్మలు, లీవర్ లాగితే తెరుచుకునే అదే తలుపు. ఎర్డ్‌ట్రీ అవతార్ అనే బాస్ ఎన్ని చోట్ల ఎదురవుతుందో లెక్క వదిలేశాను. చెట్టు వేరులా మెలికలు తిరిగే అల్సరేటెడ్ ట్రీ స్పిరిట్ కూడా అంతే. రానీ అనే పాత్ర కథ చివర్లో వచ్చే బాస్ ఆస్టెల్ ఆ కథకు శిఖరం లాంటిది. దాన్నే మంచు ప్రాంతంలోని ఒక గనిలో మళ్లీ తెచ్చి పెట్టారు. గాడ్రిక్ లాంటి మొదటి పెద్ద బాస్‌కు కూడా గాడ్‌ఫ్రాయ్ అని పేరు మార్చి ఎవర్‌గేయోల్ అనే ఒక చెరలో నిలబెట్టారు. మౌంటెన్‌టాప్స్ ఆఫ్ ది జెయింట్స్‌కి చేరేసరికి ఆ విశాలమైన మంచులో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్‌లో ప్రతి మలుపూ ఏదో ఒకటి చూపించింది కాబట్టే ఆ లోటు అంత కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

క్వెస్ట్ లాగ్ విషయానికి వస్తే, దిక్కు చూపించే బాణాలు లేకపోవడం నాకూ ఇష్టమే. మనం విశ్రాంతి తీసుకునే సైట్ ఆఫ్ గ్రేస్ నుంచి బంగారు వెలుగు గీత ఒక దిక్కు చూపుతుంది, మిగతాది మన కళ్లకు వదిలేస్తుంది. అది గొప్ప డిజైన్. కానీ దారి వెతుక్కోవడం వేరు, మనిషి ఎక్కడికి పోయాడో తెలియకపోవడం వేరు. మిస్ట్‌వుడ్‌లో తోడేలు అరుపు వినిపిస్తుంది. దాని సంగతి తెలియాలంటే చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గర వ్యాపారి కాలేని అడగాలి, అతను చిటిక వేయడం నేర్పుతాడు, వెనక్కి వెళ్లి ఆ చోట చిటిక వేస్తే బ్లైడ్ అనే తోడేలు ముఖం వీరుడు కిందికి దూకుతాడు. ఇంతవరకు అందంగానే ఉంది. మిలిసెంట్ అనే అమ్మాయి కథలో అయితే ఆమె ఈసారి ఏ మూల ఉందో చెప్పేవాళ్లే ఉండరు. మలికెత్ అనే బాస్‌ని చంపాక లేండెల్ బూడిదలో మునిగిపోతుంది, అక్కడ పూర్తి చేయకుండా వదిలిన పనులు కొన్ని దానితో పాటే పోతాయి. ముందు ఒక్క హెచ్చరిక ఉండదు.

ఇది గొప్పతనమే అయితే, విడుదలైన మరుసటి నెలలోనే, 2022 మార్చి ప్యాచ్‌లో (అప్‌డేట్‌లో), మనం కలిసిన పాత్రల గుర్తులు మ్యాప్‌పై కనిపించేలా ఎందుకు మార్చారు? నెఫెలీ, కెన్నెత్ హైట్ లాంటి వాళ్ల కథల్లో లేని భాగాలను అప్పుడు ఎందుకు కలిపారు? చేసినవాళ్లే లోపమని ఒప్పుకుని దిద్దుకున్నదాన్ని మనం ఇంకా గొప్పతనమని మోస్తున్నాం.

కథ అర్థం కాకపోతే బుర్ర లేదన్న మాట మాత్రం నాకు మరీ బాధ కలిగించింది. ఈ గేమ్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. పాత్రలు మాట్లాడేది పాతకాలపు ఇంగ్లిష్, కథలో సగం కత్తులు, ఉంగరాల కింద రాసిన చిన్న చిన్న వాక్యాల్లో దాగి ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన కుర్రాళ్లు అవి ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివి, రానీ ఎవరో, మరికా ఏం చేసిందో వాళ్లలో వాళ్లు వాదించుకుంటుంటే నేను చూశాను. వాళ్లకా బుర్ర లేనిది?

ఇప్పుడు అసలు విషయం. "స్పిరిట్ యాషెస్ వాడితే గెలిచినట్టు కాదు."

ఈ ఒక్క వాక్యం వల్ల గేమ్ మానేసిన వాళ్లున్నారు. మాకు తమ్ముడి వరస అయ్యే కుర్రాడు ఆట మొదట్లో స్టార్మ్‌వీల్ కోట దారికి అడ్డుపడే బాస్ మార్గిట్ దగ్గర ఆగిపోయాడు. బ్యాగులో తోడేళ్ల యాషెస్ ఉన్నాయి, ఒక్కసారి కూడా పిలవలేదు. ఎందుకురా అంటే "అది చీటింగ్ అంట కదా అన్నా" అన్నాడు. వేల రూపాయలు పెట్టి కొన్న గేమ్‌లో పదో వంతు కూడా చూడకుండా అన్‌ఇన్‌స్టాల్ చేశాడు.

చీటింగ్ అన్నవాళ్లు ఒకసారి గేమ్‌ని చూడండి. యాషెస్‌ని పిలిచే గంట మనకెవరు ఇస్తారు? ఆట మొదట్లోనే, చర్చ్ ఆఫ్ ఎల్లేలో రాత్రిపూట కూర్చున్న మంత్రగత్తె పిలిచి చేతిలో పెడుతుంది, తోడేళ్లతో సహా. ఆమె ఎవరో తర్వాత తెలుస్తుంది, గేమ్‌లోని అతి పెద్ద కథల్లో ఒకటి ఆమెదే. రోడెరికా అనే అమ్మాయి ఎందుకుంది? భయంతో స్టార్మ్‌హిల్ గుడిసెలో కూర్చున్న ఆమె, రౌండ్‌టేబుల్ హోల్డ్‌కి చేరి, కమ్మరి హ్యూగ్ దగ్గర చోటు సంపాదించి, ఆత్మలను పదునుపెట్టే మనిషిగా ఎదుగుతుంది. యాషెస్ వాడకూడదంటే ఆ అమ్మాయి కథ మొత్తం దండగ. వాటిని పెంచడానికి లోకమంతా గ్లోవ్‌వర్ట్ పూలు చల్లి పెట్టారు. 2024 జూన్‌లో వచ్చిన డీఎల్‌సీలో (గేమ్‌కి అదనపు భాగంలో) యాషెస్ బలం పెంచడానికి రివీర్డ్ స్పిరిట్ యాష్ అని ప్రత్యేకంగా ఒక వస్తువు పెట్టారు. చీటింగ్‌ని ఇంత శ్రద్ధగా ఎవరైనా తయారుచేస్తారా?

రడాన్ అనే బాస్‌తో పోరు సంగతి ఇంకా చెప్పాలి. రెడ్‌మేన్ కోటలో జెర్రెన్ పండుగ ప్రకటిస్తాడు. బ్లైడ్, అలెగ్జాండర్, చివరికి మోసగాడు ప్యాచెస్ కూడా వస్తాడు. ఇసుకలో వాళ్ల గుర్తులు మెరుస్తుంటాయి, పరుగెత్తుతూ ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోవాలి. వాళ్లు పడిపోతే మళ్లీ గుర్తులు వస్తాయి, మళ్లీ పిలవచ్చు. ఒక్కరి వల్ల ఓడని రడాన్ లాంటి వీరుడికి అందరూ కలిసి గౌరవంగా చావునివ్వడమే ఆ సన్నివేశం అర్థం. అక్కడ కూడా ఎవరినీ పిలవకుండా నిలబడితే మెచ్చుకోవాలా? మెచ్చుకుంటాను, అది నిజంగా నైపుణ్యమే. కానీ పిలిచినవాడు తక్కువ ఎలా అయ్యాడు?

పైగా యాషెస్ ఉంటే గెలుపు దానంతట అదే రాదు. అన్నిచోట్లా పిలవలేం, ఒక పోరులో ఒకసారే పిలవగలం, వేరే ప్లేయర్ తోడుంటే అసలు కుదరదు. మన రూపంలోనే పోరాడే మిమిక్ టియర్ అనే ఆత్మ కావాలంటే ముందు రడాన్‌ని కొట్టాలి, అప్పుడు ఆకాశం నుంచి ఉల్క పడితే గాని అది దొరికే నోక్రాన్‌కి దారి తెరుచుకోదు. మలేనియా అనే అతి కఠినమైన బాస్ దగ్గరైతే ఆమె కత్తి మనం పిలిచిన ఆత్మకు తగిలినా ఆమె ప్రాణం పెరుగుతుంది. సరిగ్గా వాడకపోతే తోడు తెచ్చుకున్నదే మన కొంప ముంచుతుంది.

గేమ్ డైరెక్టర్ హిడెటాకా మియాజాకి తాను గేమ్స్ ఆడటంలో చాలా వీకని, దొరికిన ప్రతి సాయాన్నీ వాడుకుంటానని 2024లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఈ ఫార్వర్డ్ లెక్క ప్రకారం ఎల్డెన్ రింగ్ తయారుచేసిన మనిషే ఎల్డెన్ రింగ్ గెలవలేదన్నమాట. ఆయనకు కూడా ఫార్వర్డ్ చేయండి, తెలుసుకుంటాడు.

ఈజీ మోడ్ అక్కర్లేదన్న మాట దగ్గర మాత్రం ఆ మెసేజ్‌తో నేను ఏకీభవిస్తాను. మెనూలో ఈజీ, నార్మల్, హార్డ్ అని మూడు గీతలు ఈ గేమ్‌కి అవసరం లేదు. కారణం మాత్రం వాళ్లు చెప్పింది కాదు. ఇక్కడ కష్టాన్ని తగ్గించే మీట మెనూలో లేదు, లోకంలోనే ఉంది. మొదటి మైదానంలోకి అడుగుపెట్టగానే గుర్రం మీద ట్రీ సెంటినెల్ కనిపిస్తాడు. వాడు నేర్పేది ఒకటే: ఇప్పుడు తప్పుకో, బలం తెచ్చుకుని తర్వాత రా. లెవెల్ పెంచుకోవడం, మ్యాజిక్, యాషెస్, స్నేహితుణ్ని పిలవడం, అన్నీ ఆ మీటలే. ఈజీ మోడ్ వద్దంటూనే ఇవన్నీ నిషేధించేవాళ్లు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఎన్నడూ చేయని గేమ్‌ని ఊహించుకుంటున్నారు.

అందులోనూ ఒక లోటుంది. ఇంట్లో పిలిచినా, చేతులు నొప్పెట్టి కాసేపు ఆపుదామన్నా పాజ్ బటన్ లేదు. మెనూలో హెల్ప్‌కి వెళ్లి మెనూ ఎక్స్‌ప్లనేషన్ తెరిస్తే ఆట ఆగుతుంది, అది కూడా ఎవరో కనిపెట్టి చెబితే తెలిసింది. చేతులు సరిగ్గా సహకరించని వాళ్లు కూడా ఈ గేమ్ ఆడుతున్నారు. నేరుగా ఒక పాజ్ ఇస్తే మలేనియా పరువేం పోదు.

మార్గిట్ దగ్గర ఆగిపోయిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గేమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. దక్షిణాన వీపింగ్ పెనిన్సులాకి వెళ్లండి, అక్కడి చర్చిల్లో సేక్రెడ్ టియర్స్ దొరుకుతాయి, ప్రాణం నింపే ఫ్లాస్క్ బలపడుతుంది. తిరిగి కోట వైపు వచ్చేటప్పుడు స్టార్మ్‌హిల్ గుడిసెలో రోడెరికాతో మాట్లాడండి, ఆమె మీకు ఒక జెల్లీఫిష్ ఆత్మనిస్తుంది. మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్‌ని చంపకుండా వదిలేస్తే 5,000 రూన్లకు (గేమ్‌లో డబ్బు) మార్గిట్‌ని నేలకు కట్టిపడేసే సంకెల అమ్ముతాడు. కోట గుమ్మం ముందు మాంత్రికుడు రోజియర్ గుర్తు మెరుస్తుంటుంది, పిలవండి. లోపలికి వెళ్లగానే గంట మోగించండి.