నిల్ ఈసీ చూసి షాపు కొనేయమంటున్నారా?

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది ఐదోసారి. ఈసారి పంపింది మా ఆఫీసు జూనియరే. "కమర్షియల్ ప్రాపర్టీ లోన్ల చట్టం చదివి టైం వేస్ట్ చేసుకోకండి, లా స్టూడెంట్లకి ఈ ఆరు పాయింట్లు చాలు" అని మొదలవుతుంది. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, నిల్ వస్తే అప్పు లేనట్టేనట. కోర్టు ఆర్డర్ లేకుండా బ్యాంకు తాళం వేయలేదట. ష్యూరిటీ అంటే సాక్షి సంతకం లాంటిదేనట. షాపులకి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, లేదట. డ్రాఫ్టులన్నీ నెట్‌లో ఉన్నాయట. కాలేజీలో చెప్పేది ఎందుకూ పనికిరాదట. విశాఖలో లాయరుగా ఇన్నేళ్లుగా ఇవే ఫైళ్లు చూస్తున్నవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. 2016 రెరా చట్టంలో అపార్ట్‌మెంట్ అనే మాటకిచ్చిన అర్థంలోనే షాపు, ఆఫీసు, షోరూమ్, గోడౌన్ అన్నీ ఉన్నాయి. సెక్షన్ 2(ఇ), తీసి చూడండి. డ్రాఫ్టు నెట్‌లో దొరుకుతుంది. అందులో ఏ క్లాజు కొట్టేయాలో దొరకదు.

అసలు విషం ఈసీ పాయింటులో ఉంది. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీ మాత్రమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 58(ఎఫ్) ప్రకారం అప్పుకి హామీగా ఒరిజినల్ దస్తావేజులు తీసుకెళ్లి బ్యాంకు చేతికిస్తే చాలు, తాకట్టు పూర్తయినట్టే. రాతకోత అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఇచ్చిన సంగతి నమోదు చేసుకునే కాగితాన్ని రిజిస్టర్ చేయనవసరం లేదని సుప్రీంకోర్టు 1950లోనే రచ్‌పాల్ మహరాజ్ కేసులో చెప్పింది. ఆ కాగితాన్నే మెమొరాండం అంటారు. బ్యాంకు దాన్ని రిజిస్టర్ చేయిస్తే ఈసీలో పడుతుంది. చేయించకపోతే నిల్.

మూడేళ్ల కిందట ఒక దంపతులు నా దగ్గరికొచ్చారు. ఆయన రిటైరైన డబ్బంతా పెట్టి ఆశీల్‌మెట్ట దగ్గర రెండో అంతస్తులో చిన్న ఆఫీసు కొన్నారు. ఆవిడ సంచిలోంచి ఈసీ తీసి టేబుల్ మీద పరిచారు. "ముప్పై ఏళ్లకి తీయించాం బాబూ, నిల్ వచ్చింది" అన్నారు. లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, అడిగాను. అన్నీ జెరాక్స్‌లే. ఒరిజినల్స్ అన్నయ్య బీరువాలో ఉన్నాయని అమ్మినాయన చెప్పాడట. ఒక జెరాక్స్ పై మూల సగం తెగిన గుండ్రటి స్టాంపు మసగ్గా కనిపిస్తోంది. ఒరిజినల్ ఏ బ్యాంకులో ఉందో చెప్పింది ఆ సగం స్టాంపే. అప్పటికే వాళ్ల షట్టర్ మీద, తాళానికి జానెడు పైన, ఆస్తి స్వాధీనం చేసుకున్నామంటూ బ్యాంకువాళ్లు పొజెషన్ నోటీసు అంటించి వెళ్లారు.

ఆ తాకట్టు సెర్సాయి రిజిస్టర్‌లో, అంటే బ్యాంకుల తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్టర్‌లో, ఉంది. అక్కడ నమోదైతే లోకానికంతా తెలిసినట్టేనని బ్యాంకు బాకీల వసూలుకి సంబంధించిన సర్ఫేసీ చట్టం సెక్షన్ 26సీ అంటుంది. ఆ నిబంధన 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉంది. ఆ రిజిస్టర్‌ని ఎవరైనా కొద్దిపాటి ఫీజు కట్టి వెతుక్కోవచ్చు. కొనేముందు పది నిమిషాల పని, ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు! రిజిస్ట్రేషన్ చేయకూడని నిషిద్ధ భూముల 22ఏ జాబితా కూడా ఈసీలో రాదు. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న పంచగ్రామాలున్న ఊళ్లో ఉంటూ ఇది నేను చెప్పాలా?

కోర్టు ఆర్డర్ మాటా ప్రమాదమే. సర్ఫేసీ చట్టం 2002లో వచ్చిందే కోర్టుకి వెళ్లకుండా వసూలు చేసుకోవడానికి. సెక్షన్ 13(2) నోటీసు, బాకీ కట్టడానికి 60 రోజుల గడువు, ఆపైన 13(4) కింద స్వాధీనం. అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి, వెళ్లాలి. ఆ ట్రిబ్యునల్ మన విశాఖలోనే ఉంది. ఇలాంటి మెసేజ్‌లు నమ్మి కవరు కూడా చింపకుండా నోటీసుని సొరుగులో పడేసినవాళ్లని చూశాను. 2016 సవరణ తర్వాత బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే. 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. సొరుగులో ఉన్నన్నాళ్లూ ఆ హక్కు కరిగిపోతూనే ఉంటుంది. ఆ నష్టానికి మెసేజ్ రాసినాయన పూచీ పడతాడా?

పూచీ అంటే గుర్తొచ్చింది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో ష్యూరిటీ బాధ్యతా అంతే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. కంపెనీ అప్పులకి ష్యూరిటీగా సంతకం పెట్టిన డైరెక్టర్ల మీద 2019 డిసెంబర్ 1 నుంచి దివాలా చట్టం కిందా వెళ్లవచ్చు. సాక్షి మీద ఎవరైనా అలా వెళ్తారా?

కాలేజీ పాయింటు మాత్రం కాదనలేను. తాకట్టు ఆరు రకాలని బట్టీ పట్టి పాసయ్యాను. బ్యాంకు శాంక్షన్ లెటర్ ఎలా ఉంటుందో ప్రాక్టీసులోకొచ్చిన రెండేళ్లదాకా చూడలేదు. ఒక్క పాత ఫైలు పేర్లు కొట్టేసి క్లాసులో చేతికిస్తే, పిల్లలు ఒరిజినల్‌కీ జెరాక్స్‌కీ తేడా పట్టుకోవడం అక్కడే నేర్చుకుంటారు. అంతమాత్రాన చదువే వద్దంటే ఎలా? ఆ దంపతులకి ఈసీ చాలని చెప్పిందీ లా చదివిన కుర్రాడేనట.

మా జూనియర్ ఆ మెసేజ్ తీసేశాడు. మీరు ఏ గ్రూపుల్లో పంపారో అక్కడ కూడా తీసేయండి. అడ్వాన్సు ఇవ్వబోయేవాళ్లు ఎవరో ఒకరు వాటిలో ఉంటారు.